సాంచల కాడి మాట

మమతారాణి గొంతు పెద్దది. సిరిసిల్లలో పెరిగిన ఇరవై రెండేళ్లలో ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి వాళ్ల గొంతులు చిన్నవైతే కదా! ఆ వాడలో పొద్దున మొదలైన మరమగ్గాలు దడదడమని ఆడుతూనే ఉంటాయి. వాటిని అక్కడ సాంచలంటారు. పక్కింట్లో గిన్నెడు చక్కెర అడగాలన్నా, పసిపిల్లకు జోల పాడాలన్నా ఆ చప్పుడు మీదుగా గొంతెత్తాల్సిందే. అలా పెరిగిన పిల్ల జర్మనీలో కెమ్నిట్జ్ అనే ఊరికి పై చదువుకు వచ్చి, మూడో రోజున ట్రాములో కూర్చుని తల్లితో ఫోన్లో మాట్లాడింది.

"ఆఁ, తిన్న అవ్వా! రొట్టె తిన్న, రొట్టె!"

పెట్టెలో ఉన్న పాతికమందీ తలలెత్తి చూశారు. ఒక పెద్దాయన చేతిలో పుస్తకం మూసి, ఆమె ఇంకా ఏం తిన్నదో చెబుతుందేమోనని వేచి చూశాడు. పక్కన కూర్చున్న నవీన ఆమె మోచెయ్యి గట్టిగా గిల్లింది. నవీనది పెద్దపల్లి. ఏడాది ముందే అదే కాలేజీలో చేరి ఈ ఊరి చలీ మంచూ చూసిన పిల్ల.

"మెల్లగ మాట్లాడవే తల్లీ! వీళ్లు ఇంట్ల సుత పరీక్ష హాల్ల ఉన్నట్టే ఉంటరు. నీ లొల్లికి దింపేస్తరు మనల్ని."

మమతకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచే గొంతు తగ్గించడం మొదలుపెట్టింది. మొండిపిల్ల. ఏదైనా పట్టిందంటే వదలదు. కాలేజీలో, అంగట్లో, మెట్ల మీద ఎదురైన వాళ్లతో, చివరికి ఫోన్లో ఇంటివాళ్లతో కూడా మాటను నమిలి నమిలి మెత్తగా చేసి వదలడం నేర్చుకుంది. రెండు నెలలు తిరిగేసరికి నవీనే "ఏమన్నవే? జర గట్టిగ చెప్పు" అనే దాకా వచ్చింది.

మిగతావన్నీ కూడా అలాగే ఒక్కొక్కటీ పట్టుబడ్డాయి. చెత్తకు నాలుగు డబ్బాలు. టీ సంచి చేతిలో పట్టుకుని, ఇది కాగితమా, ఆకా, దారమా అని వాటి ముందు నిలబడిపోయిన పొద్దులున్నాయి. ఆదివారం దుకాణాలు మూస్తారని తెలియక మొదటి ఆదివారమంతా అన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకుని గడిపింది. ఇక్కడి రొట్టె పైన పెచ్చు ఎంత గట్టిదంటే, దాన్ని కొరికిన రోజు పన్ను ఊడిందేమోనని నాలుకతో తడుముకుని చూసుకుంది. సాయంత్రం నాలుగింటికే చీకటి పడడం మాత్రం ఎంతకీ అలవాటు కాలేదు. అప్పుడే పొద్దు గూకితే ఇక రోజంతా ఏం చేసినట్టు?

చదువు మాత్రం ఆమెకు కొత్త కాదు. నేత మిషన్ల చదువే. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. మొదటి రోజు ప్రయోగశాలలోకి వెళ్లేముందు అందరికీ చెవుల మీద పెట్టుకునే పెద్ద పెద్ద డిప్పలు ఇచ్చారు. లోపల రెండంటే రెండే మగ్గాలు, అవి కూడా అద్దాల గదిలో. మమతకు నవ్వాగలేదు. గీ మాత్రం చప్పుడుకేనా? మా బాపు ఎనిమిది సాంచల నడుమ ఉత్త చెవులతో ముప్పై ఏండ్లు నిలబడ్డడు అని నవీన చెవిలో చెప్పి, డిప్పల్ని మెడలో దండలాగా వేసుకుంది. సారు వచ్చి వాటిని చెవుల మీదికి జరిపి వెళ్లాడు.

ఇదంతా ఒక ఎత్తు. బాపు సంగతి ఒక ఎత్తు.

బాపు పేరు కైలాసం. నాలుగు మాటల చోట ఒక్కటే మాట్లాడే మనిషి. కూతురు జర్మనీ అన్నప్పుడు ఆయన అన్నది ఒక్కటే: "దూరం." హైదరాబాద్‌లో చదివితే సరిపోదా అని ఆయన మనసులో ఉంది. దానికి మమత వెనకాముందూ చూడకుండా, "అయితే నన్ను గుడ నీ తీర్గ సాంచల కాడనే ఉండుమంటవా?" అనేసింది. కావలసిన కాగితాల మీద సంతకాలన్నీ చేశాడు. ఆ మాట మాత్రం మమత నాలుక మీద చేదులాగా ఉండిపోయింది.

బయల్దేరిన రోజు సిరిసిల్ల బస్టాండులో అవ్వ అనసూర్య ఏడుస్తూ నిలబడింది. బాపు బస్సు పక్కకు వచ్చి, అద్దం బయట నుంచి ఏదో చెప్పాడు. మమత ఆయన వైపు చూస్తే ఏడుపాగదని మొహం అటు తిప్పుకుంది. బస్సు కదిలింది. ఆయన ఏం చెప్పాడో ఆమె చూడలేదు. చూసి ఉంటే తెలిసేది. సాంచల వాడలో పుట్టిన వాళ్లెవరికైనా పెదవులు కదిలితే చాలు, మాట తెలిసిపోతుంది. ఆ చప్పుడులో చెవులతో పనేముంది? ఐదు వేళ్లు నోటి దగ్గరికి పోతే బువ్వ, బొటనవేలు పెదవికి ఆనితే చాయ్, రెండు చూపుడువేళ్లు విడిపోతే పోగు తెగింది. పసితనం నుంచీ ఆమెకు బాపుతో మాటంటే అదే. సాంచకు ఇటు ఆమె, అటు ఆయన, నడుమ దడదడ.

రెండు నెలలుగా ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే తంతు. అవ్వ ఫోనెత్తి ఊళ్లో ముచ్చట్లన్నీ చెబుతుంది. తర్వాత బాపుకు ఇస్తుంది. "మంచిగున్నవా బిడ్డా" అంటాడు ఆయన. ఈమె ఏదో చెప్పడం మొదలుపెట్టగానే, "మంచిది మంచిది. ఇగో, మీ అవ్వకిస్తున్న" అంటాడు. అంతే. ఒకరోజు మమత ధైర్యం చేసి, "బాపు, నామీద కోపమున్నదా?" అని అడిగింది. "మంచిది బిడ్డా" అని ఫోన్ అవ్వకు ఇచ్చాడు. ఆ రోజు ఆమె ట్రాము దిగాల్సిన చోట దిగలేదు. చివరి స్టేషన్ దాకా పోయి, మఫ్లర్‌తో కళ్లు తుడుచుకుని, అదే ట్రాములో వెనక్కి వచ్చింది.

వీడియోలో మాట్లాడొచ్చు కదా అని మీరనవచ్చు. మాట్లాడేది. కానీ కెమెరా ఎప్పుడూ ఊరివైపే. ఇగో ట్రాము, ఇగో మంచు, ఇగో చర్చి గడియారం. తన వైపు తిప్పుకునేది కాదు. మొహం పీక్కుపోయింది, కళ్ల కింద నల్లటి గుంటలు పడ్డాయి. అవ్వ చూస్తే పరేషానవుతుందని భయం.

డిసెంబరులో ఆమెకు కొత్త గది దొరికింది. ఆ ఊళ్లో ఒక పద్ధతుంది. ఒంటరిగా ఉన్న ముసలివాళ్ల ఇంట్లో విద్యార్థులకు గది ఇస్తారు. బదులుగా అంగడి సామాను తేవడం, మెట్లు ఊడ్వడం, మంచు పడితే వాకిట్లో దారి తియ్యడం లాంటి పనులు చెయ్యాలి. ఇంటామె పేరు గిజెలా. ఎనభై రెండేళ్లు. మమత మనసులో ఆమెను గిజెలమ్మ అని పిలుచుకునేది. అంతకు ముందు ఇద్దరు పిల్లలు ఆమెతో పడలేక వెళ్లిపోయారని నవీన ముందే హెచ్చరించింది.

పడకపోవడమంటే ఏమిటో మొదటి వారంలోనే తెలిసింది. పొద్దున వంటింట్లోకి వెళ్లి మర్యాదగా, మెత్తగా జర్మన్‌లో శుభోదయం చెబితే గిజెలమ్మ స్టవ్ వైపు తిరిగి ఉండి పలకదు. రొట్టె తేవాలా అని తలుపు దగ్గర నుంచి అడిగితే ఉలుకూ పలుకూ ఉండదు. ఎదురుగా వచ్చి నిలబడితే మాత్రం కళ్లు చిట్లించి మొహంలోకి చూసి, "నీకు నోట్లో మాట లేదా పిల్లా?" అని విసుక్కుంటుంది. ఇదెక్కడి ఖర్మ! అక్కడ బాపు అలిగాడు, ఇక్కడ ఈమె అలిగింది. నా మొహానికి అలకలే రాసిపెట్టి ఉన్నాయనుకుంది మమత. ఇంకా మెత్తగా మాట్లాడితే శాంతిస్తుందేమోనని గొంతు ఇంకాస్త తగ్గించింది.

ఒక శనివారం పొద్దున పల్లి చట్నీ చేద్దామని మిక్సీ పెట్టింది. ఇంటి నుంచి తెచ్చుకున్న చిన్న మిక్సీ. దాని రొద మాత్రం చిన్నది కాదు. ఆ రొదలోనే గిజెలమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి ఏదో అడిగింది. మిక్సీ ఆడుతోంది, చెయ్యి ఖాళీ లేదు. మమత తనకు తెలియకుండానే సాంచల కాడి పిల్ల అయిపోయింది. మొహం పూర్తిగా ఆమె వైపు తిప్పి, గొంతు లేకుండా, ఒక్కో మాటకూ పెదవులు పెద్దగా కదిపి, రెండు వేళ్లు చూపించి చెప్పింది: రెండు నిమిషాలు. చట్నీ. మీరూ తింటారా?

"తింటాను. కారం తక్కువ వెయ్యి. పోయినసారి నీ వంట వాసనకే నాకు తుమ్ములొచ్చాయి. కానీ వాసన బాగుంది" అంది గిజెలమ్మ.

వారం రోజుల్లో ఆమె నోటి నుంచి వచ్చిన అతి పెద్ద మాట అది. మమత మిక్సీ ఆపి, గిన్నె కోసం అటు తిరిగి, అలవాటైన మెత్తటి గొంతుతో, "ఉప్పు ఎంత వెయ్యను?" అని అడిగింది. జవాబు లేదు. వెనక్కి తిరిగి చూసింది. గిజెలమ్మ తన వీపు వైపే చూస్తూ, పెదవులు బిగించి, ఎక్కడికో తప్పిపోయినదానిలా నిలబడి ఉంది.

మమత మళ్లీ మిక్సీ వేసింది. గొంతు లేకుండా పెదవులతో అడిగింది: ఉప్పు?

"కొంచెం చాలు."

ఆపింది. అటు తిరిగి అడిగింది. జవాబు లేదు.

ఇక ఆమెకు అర్థమైంది. మిక్సీ పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని గిజెలమ్మకు ఎదురుగా కూర్చుంది. తన చెవిని వేలితో తాకి, కనుబొమలెత్తి చూసింది. గిజెలమ్మ మొదట కోపంగా తలాడించింది. తర్వాత ఆ కోపం ఎటో పోయింది.

"మేజోళ్ల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను" అంది. ఆ ఊళ్లో ఆ వయసు ఆడవాళ్లలో చాలామంది ఏదో ఒక మిల్లులో చేసినవాళ్లే. "నా హాల్లో తొంభై మిషన్లు. బయటికొచ్చేటప్పుడు చెవులు అక్కడే వదిలేసి వచ్చాను. నా కూతురికి చెప్పకు. ఊరికే గాభరా పడుతుంది. అందరూ గొణుగుతారు ఈ కాలంలో. వచ్చిన ప్రతి పిల్లా గొణిగిందే. నువ్వు మరీ ఘోరం. నిన్ను చూస్తే నామీద ఏదో కోపముందనిపించేది."

మమత నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

సిరిసిల్లలో కరెంటు పోయినప్పుడు సాంచలన్నీ ఒక్కసారి ఆగుతాయి. ఆ నిశ్శబ్దంలో అందరికీ ముచ్చట్లు పుట్టుకొస్తాయి. ఒకరినొకరు పిలుచుకుంటారు, పరాచికాలాడుకుంటారు. ఆ సమయంలో బాపు మాత్రం లేచి బయటికి వెళ్లిపోయేవాడు. బీడీ ముట్టించుకుని గోడకు ఆనుకుని, ఎవరి వైపూ చూడకుండా నిలబడేవాడు. కరెంటు వచ్చి సాంచలు మళ్లీ దడదడలాడాక లోపలికి వచ్చి అందరితో నవ్వుతూ మాట్లాడేవాడు. కరెంటు పోతే అందరికీ మాటలొచ్చేవి, బాపుకి పోయేవి. ఆయన తీరే అంత అనుకున్నారు ఇంట్లో. పెళ్లిళ్లలో మూలకు కూర్చుంటే తీరే అంత. వెనక నుంచి పిలిస్తే పలక్కపోతే తీరే అంత. అవ్వ ఎన్నోసార్లు, "మీ బాపుకు పొగరు" అని కూడా అంది. చెవులతో పని లేని చోట బతికే మనిషికి చెవులు పోతున్నాయని ఎవరు కనిపెడతారు? కన్నకూతురు కనిపెట్టలేదు. చెవులకు డిప్పలిస్తే నవ్విన కూతురు.

ఆమెకు ఏడుపొచ్చింది. గిజెలమ్మ ఎదుటే ఏడ్చేసింది. పల్లి చట్నీ అంత కారంగా ఉంటుందా అని గిజెలమ్మ కంగారుపడి నీళ్లిచ్చింది.

మమత గడియారం చూసింది. పదకొండు కావస్తోంది. అక్కడ మధ్యాహ్నం మూడున్నర. కళ్లు కడుక్కుని అవ్వకు ఫోన్ చేసింది.

"అవ్వా, ఏం చేత్తున్నవ్?"

"ఏమున్నదే, బీడీలు చేత్తున్న. గీ యాళ చేసినవేంది? పానం మంచిగున్నదా?"

"మంచిగున్నది. ఫోన్ తీస్కొని బాపు కాడికి పో. సాంచల కాడికే."

"గా సప్పుడుల ఏమినవడుతదే పిచ్చిపిల్లా? ఇంటికొచ్చినంక మాట్లాడు."

"నువ్వైతే పో అవ్వా. వీడియో పెడుతున్న. ఫోన్‌ను ఆయన మొగం ముంగట పట్టుకో. ఇంకేం చేయకు."

అనసూర్య చాటను పక్కన పెట్టి, గొణుక్కుంటూ చెప్పులేసుకుంది. మమత ఇక్కడ ఫోన్‌ను బ్రెడ్డు డబ్బాకు ఆనించి కిటికీ ముందు పెట్టింది. బయట మంచు మీద నుంచి వచ్చే వెలుగు తన మొహం మీద పడేలా కూర్చుంది. జుట్టు వెనక్కి లాగి ముడేసుకుంది. పీక్కుపోయిన మొహం, గుంటలు, అన్నీ కనబడుతున్నాయి. కనబడనీ అనుకుంది.

కాసేపటికి ఫోన్లో దడదడ మొదలైంది. వంటిల్లంతా సిరిసిల్ల అయింది. బొమ్మ ఊగి, గోడ కనబడి, దారాలు కనబడి, చివరికి బాపు మొహం వచ్చింది. కనుబొమల మీద నూలు ధూళి. ఆయన ఫోన్ చూసి అలవాటుగా, "మంచిగున్నవా బిడ్డా" అంటూ అవ్వ వైపు తిరగబోయాడు.

మమత చెయ్యెత్తింది. ఆగుమన్నట్టు. ఐదు వేళ్లూ నోటి దగ్గరికి తెచ్చి, గొంతు లేకుండా, పెదవులు నిదానంగా కదిపి అడిగింది: "తిన్నవా బాపు?"

కైలాసం ఆగిపోయాడు. ఫోన్‌కు దగ్గరగా వంగాడు. కూతురి మొహాన్ని పరీక్షగా చూశాడు. తర్వాత ఆయన పెదవులు కూడా, గొంతు లేకుండానే, కదిలాయి.

"తిన్న. నువ్వు సన్నగైనవ్."

"అయిన. రొట్టెలు బాగుంటలేవు. ఇయ్యాల చట్నీ చేసిన."

"దేంది?"

"పల్లీలది."

"ఎండుమిర్పకాయ తక్కువెయ్యి. నీకు కడుపుల మండుతది." ఆయనకు మాటలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి, చాలాకాలం మూసి ఉన్న తలుపు తీసినట్టు. "చలి ఉన్నదా? చెవులకు కట్టుకుంటున్నవా? గాడ సాంచలు ఎట్లున్నయ్? మనయసొంటియేనా?"

మమత చెప్పింది. అద్దాల గది, రెండు మగ్గాలు. అంతదూరం నుంచి చెబుతుంటే ఆయన కళ్లు పెద్దవి చేసి విన్నాడు. విన్నాడనే అనాలి. రెండు నెలల ముచ్చట్లూ ఆ పది నిమిషాల్లో దొర్లాయి. అవ్వ ఫోన్ పట్టుకున్న చెయ్యి మార్చుకుంటూ, ఈ తండ్రీకూతుళ్లకు ఏమైందో అర్థం కాక, "మీ ఇద్దరికి పిచ్చా?" అనడం సాంచల చప్పుడులో లీలగా వినబడింది. ఇక్కడ గిజెలమ్మ చట్నీ గిన్నె ముందు పెట్టుకుని ఫోన్‌లోని మనిషి పెదవుల్ని శ్రద్ధగా చూస్తోంది, ఆ భాష కూడా పట్టేద్దామన్నట్టు.

"బాపు," అంది మమత, "ఫోన్ల నా మాట అందుతలేదా నీకు?"

ఆయన పక్కకు చూశాడు. తన పెదవులు అవ్వ చదువుతుందేమోనని అటువైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పాడు.

"అందుతలే బిడ్డా. చెవులు ఎన్నడో పోయినయ్. మీ అవ్వకు చెప్పకు."

"చెప్తా. కరీంనగర్ల చెవుల డాక్టర్ కాడికి తోలుకపొమ్మని చెప్తా."

ఆయన చిన్నపిల్లాడిలా తలకాయ అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత నవ్వాడు. మమత కూడా నవ్వింది. ఇక ఆగలేక, రెండు నెలలుగా గొంతులో ఉన్నదాన్ని అడిగేసింది.

"ఆనాడు బస్సు కాడ నువ్వేదో చెప్పినవ్. నేను సూడలే. ఏం చెప్పినవ్ బాపు?"

బొమ్మ ఆగిందేమోనని మమత భయపడింది. కాదు, ఆయన కళ్లు రెపరెపలాడాయి.

"ఫోన్ చేస్తే మొగం జూపెట్టి మాట్లాడు బిడ్డా అన్న. గంతే. నువ్వు అటు తిరిగినవ్. తర్వాత ఎన్నడు ఫోన్ చేసినా రోడ్లు, మంచు చూపెట్టినవ్ గని మొగం చూపెట్టలే. దూరం అన్ననని కోపం గావచ్చు, మొగం చూపెట్ట మనసయితలేదు గావచ్చు అనుకున్న."

మమత కుర్చీలో ముందుకు వంగింది. కోపం కాదు బాపు అని చెప్పడానికి పెదవులు కదపబోతే అవి వణికాయి. వణికిన పెదవుల మీద మాట నిలవదు. అందుకని చెయ్యి గుండె మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది. ఆ సైగ సాంచల కాడ లేదు. అయినా ఆయనకు తెలిసింది.

అప్పుడే ఆయన వెనక నుంచి ఎవరో వచ్చి భుజం తట్టి, రెండు చూపుడువేళ్లు విడదీసి చూపించారు. పోగు తెగింది. మమత బొమ్మలోనే చూసింది, మూడో సాంచ ఆగిపోయి ఉంది. పోగు తెగితే పిడికెడు బువ్వ నోట్లో ఉన్నా లేచి పరుగెత్తే మనిషి ఆయన. సాంచ ఒక్క నిమిషం ఊరికే నిలబడితే ప్రాణం కొట్టుకునే మనిషి.

"పో బాపు. పోగు తెగింది" అంది ఆమె.

కైలాసం వెనక్కి తిరిగి ఆ సాంచ వైపు చూశాడు. మళ్లీ ఇటు తిరిగాడు. అవ్వ చేతిలోంచి ఫోన్ తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని, మగ్గం చెక్క మీద కూర్చున్నాడు.

"ఉండనీ" అన్నాయి ఆయన పెదవులు. "నువ్వు చెప్పు."

మమతారాణి కుర్చీని కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది, మొహం మంచిగా కనబడేటట్టు.